కొట్టేసిన లైను

"సాయంత్రంలోగా నన్ను పోలీసులకు అప్పగిస్తారట," అంది ఆ ఇంజినీరమ్మాయి కుర్చీ అంచున కూర్చుంటూ. ఇచ్చిన నీళ్లు తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

మేనల్లుడు నోటుపుస్తకం తెరిచాడు. డిటెక్టివ్ అత్తయ్య కళ్లజోడు తుడుచుకుంటూ, "మొదట్నుంచి చెప్పమ్మా. కంప్యూటర్లలో నాకు ఓనమాలు కూడా రావనుకో," అంది. ఆవిడ ఇంత అమాయకంగా అడిగిందంటే అవతల ఎవరికో మూడినట్టేనని మేనల్లుడికి పదేళ్ల అనుభవం.

ఆ అమ్మాయి పని ఆసుపత్రిలో. వార్డుల్లోని కంప్యూటర్లన్నిటినీ ఒకే సాధనం, అంటే ఒక సాఫ్ట్‌వేర్, సిద్ధం చేస్తుంది. ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఆమె రాసిస్తుంది. ఎవరికి ఏ మందు పడదో చెప్పే జాబితా వచ్చాకే మందుల ప్రోగ్రాం మొదలవ్వాలన్నది అందులో ఒక లైను. కొత్తగా తెరిచిన ఎనిమిదో వార్డులో ఈ ఉదయం జాబితా లేకుండానే ప్రోగ్రాం నడిచి, పడని మందంటూ ఎవరికీ లేదని చూపించింది. నర్సు అనుమానపడి పాత కాగితాలు వెతకబట్టి ఒక ముసలావిడ బతికిపోయింది.

"ఆ లైను కొట్టేసింది నేనేనంటున్నారు. నిన్న ఆరింటికి, నా పేరు మీద. నేను కంప్యూటర్ మూయకుండా ఐదింటికే వెళ్లిపోయానండీ."

"అసలా లైను ఎవరికి అడ్డం?"

"నిన్న కొత్త వార్డు దగ్గర సాధనం మొరాయించింది. జాబితా రావాలంటే తాళం కావాలి, అంటే ఒక రహస్య సంకేతం; తాళం ప్రోగ్రాం ఇవ్వాలి, ప్రోగ్రాం జాబితా కోసం ఆగాలి. ఒకదాని కోసం ఒకటి ఆగి ఏదీ కదల్లేదు. ఆ ముడి విప్పడానికి రెండు రోజులు పడుతుందన్నాను. మేనేజర్ గారు సరేనన్నారు."

ఆసుపత్రికి వెళ్లగానే అత్తయ్య గేటు పుస్తకం తిరగేసింది. తర్వాత పెద్ద డాక్టరు గదిలో, సాధనం తన పనుల గురించి రాసుకున్న చిట్టాను అచ్చు తీయించి సంచిలో పెట్టుకుంది. ఆ పైనే మేనేజర్‌ను పిలిపించింది.

"నిన్న ఎన్నింటికి వెళ్లారు?"

"ఐదున్నరకు. ఈ గొడవ పొద్దున్నే తెలిసింది. పాపం, ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది? మూడో వార్డులో చక్కగానే నడిచింది కదా."

మేనల్లుడు మాట పొల్లు పోకుండా రాసుకున్నాడు. గంట తర్వాత అందరూ పెద్ద డాక్టరు గదిలో చేరారు. ఇంజినీరు తలెత్తలేదు. ఆమెను చూస్తే మేనల్లుడికి గుండె తరుక్కుపోయింది.

"ఈమె ఐదింటికే గేటు దాటింది," అంది అత్తయ్య. "మేనేజర్ గారు దాటింది ఐదున్నరకు కాదు, ఆరున్నరకు. లైను పోయిన పది నిమిషాలకు ఒకే ఒక్క పరీక్ష జరిగింది, మూడో వార్డులో. ఆ చిట్టాను నేనూ డాక్టరుగారూ తప్ప ఎవరూ చూడలేదు. మరి మీకెలా తెలిసింది బాబూ? గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నారు."

మేనేజర్ కుర్చీలోంచి లేవబోయాడు. అత్తయ్య చెయ్యెత్తి ఆపింది.

"మూడో వార్డులో పాత జాబితా ముందే ఉంది, కాబట్టి నడిచింది. కొత్త వార్డులో ఏమీ లేదు. ఈ లైను రాసిన మనిషైతే పాత వార్డులో పరీక్షించి సంబరపడదు."

"కొత్త వార్డు ప్రారంభోత్సవం ఆగితే నా పరువేం కావాలి?" మేనేజర్ గొణిగాడు. "అయినా ఎవరూ చావలేదుగా."

పెద్ద డాక్టరు ఇంజినీరు వైపు తిరిగాడు. "మమ్మల్ని క్షమించమ్మా. ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకో. రేపు మాట్లాడుకుందాం."

ఆమె కళ్లు తుడుచుకుంది. "రేపు కాదండీ. పొద్దున ఆపేసిన నా పాస్‌వర్డ్ ఇప్పుడే ఇప్పించండి. ఆ లైను ఇంకా ఎవరూ తిరిగి రాయలేదు. తొమ్మిదో వార్డు కూడా కొత్తదే, అందులో ఇప్పుడే రోగుల్ని చేరుస్తున్నారు."