రాహుకాలంలో లేచిన క్లస్టర్

"నిన్న సాయంత్రం దాకా బాగుండాది. పోయేముందు నువ్వేమి కెలికినావు, పద్మనాభ్?"

నందిని గొంతు పెంచదు. అందుకే ఎక్కువ భయం. తిరుపతిలోని ఆ చిన్న కంపెనీలో ఆమె టీమ్ లీడ్. పద్మనాభ్ పనిలో తప్పు లేకపోయినా వెతికి మరీ తిడుతుందని ఆఫీసులో ఒక మాట ఉంది. అతనేమో తిట్టించుకోవడానికి కూడా తల దువ్వుకుని వచ్చే రకం.

పులికాట్ జాలర్లకు గాలి, అలల సంగతి ముందే చెప్పే ప్రాజెక్టు అది. ఎనిమిది కంప్యూటర్లు కలిసి ఒక క్లస్టర్‌గా లెక్క కట్టాలి. పని ఇచ్చేవాళ్లు ఈరోజే, శుక్రవారం పదకొండుకు చూడడానికి వస్తున్నారు. చూపించలేకపోతే నందిని రెండేళ్ల కష్టం గంగపాలే. తీరా చూస్తే మెయిన్ కంప్యూటర్ ఒక్కటే లేచింది. మిగతా ఏడూ అలిగిన చుట్టాల్లాగా గుమ్మం దాకా వచ్చి తిరిగిపోతున్నాయి.

తానేమీ ముట్టుకోలేదన్నాడు పద్మనాభ్. ఆమె నమ్మలేదు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని కేబుళ్లు, సెట్టింగులు, ఎర్రర్లు అన్నీ చూశారు. ఒక్కో లైను అతను రెండేసిసార్లు చదవాల్సి వచ్చింది. తప్పు అతనిది కాదు, ఆమె జడలోని కనకాంబరాలది.

చివరికి దొరికింది. మెయిన్ కంప్యూటర్ గడియారంలో పన్నెండు దాటింది. మిగతావాటిలో ఇంకా పదకొండు కాలేదు. అది పంపే టోకెన్ మీద, అంటే గుర్తింపు చీటీ మీద, ఇంకా రాని టైమ్ ఉండేసరికి, దొంగ టోకెనని అవి తోసేస్తున్నాయి.

"గడియారం ఎవురు జరిపినారు?" అన్నాడు పద్మనాభ్.

నందిని ముఖం ఎర్రబడింది.

"నేనే. శుక్రవారం పదిన్నర నించి పన్నెండు దాకా రాహుకాలం, మొదలుపెట్టొద్దని అమ్మ ఫోన్ చేసింది. పన్నెండు దాటినాకనే పెట్టినానని చెప్పాల కదా. అమ్మకి అబద్ధం చెప్పలేను."

పద్మనాభ్ నవ్వు ఆపుకోలేదు. వాళ్ల నాన్న శఠగోపం గారు గుళ్లో పనిచేస్తూ ఊరందరికీ ముహూర్తాలు పెట్టే మనిషి.

"మా నాయన మనిషినే ఆగమంటాడు, మేడమ్. గడియారాన్ని ఎప్పుడూ జరపమనలేదు."

ఆమెకూ నవ్వొచ్చింది. లేచి, తప్పు తనదేనని టీమంతా వినేలా చెప్పింది. గడియారం సరిచేసింది. ఒక్క క్షణం తటపటాయించి, రాహుకాలంలోనే స్టార్ట్ నొక్కింది.

ఒకటి చేరింది. రెండోది చేరింది. ఏడోది కూడా చేరేసరికి టీమంతా చప్పట్లు కొట్టింది. పదకొండుకు వచ్చినవాళ్లు తెర మీద రేపటి గాలిని చూసి, అక్కడికక్కడే పని ఖాయం చేసి వెళ్లారు.

నందిని కార్వేటినగరంలో ఉన్న అమ్మకు ఫోన్ చేసింది. పద్మనాభ్ ఎదురుగానే, స్పీకర్ పెట్టి.

"మా, రాహుకాలంలోనే పెట్టినాం. గెలిచినాం. ఇంకో మాట. నాకొక అబ్బాయి నచ్చినాడు. పేరు పద్మనాభ్."

పద్మనాభ్ కుర్చీలోంచి లేచాడు. ఏం చేయాలో తోచక మళ్లీ కూర్చున్నాడు.

"ఇదీ రాహుకాలంలోనే చెప్పాల్నా నీకు?" అంది అవతలి నుంచి వాళ్లమ్మ వరలక్ష్మమ్మ. "సరే. ఆ పిల్లోడికి ఇష్టమో కాదో, ముందు అది కనుక్కో."

నందిని అతనివైపు తిరిగింది. ఇన్నాళ్లూ అతని తప్పులు వెతికిన చేత్తోనే ఫోన్ అతని ముందుకు జరిపింది. పన్నెండు కావడానికి ఇంకా ఐదు నిమిషాలున్నాయి. పద్మనాభ్ ఆ ఐదు నిమిషాలు కూడా ఆగలేదు. ఫోన్ దగ్గరికి వంగాడు.

"ఇష్టమే, అత్తా."