పదకొండు గంటల ఓడ

ఉదయం ఎనిమిదింటికి కువైట్‌లోని ఫర్వానియా బస్టాపులో మహమ్మద్ గౌస్ టీ గ్లాసు ఇంకా కింద పెట్టలేదు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఒక్కసారి దగ్గింది. మనిషి ఒరిగిపోయాడు. అతని జేబులో ఉన్న కవరు మాయమైంది.

అరగంటలో ఖైతాన్‌లోని ఒక టైలర్ షాపులోకి టిఫిన్ క్యారియర్ పట్టుకుని అంకాలమ్మ వచ్చింది. ఇఖామాలో, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డులో, ఆమె వంటమనిషి. ఢిల్లీలో ఒకే ఒక్క ఫైలులో ఏజెంట్ నైన్.

"ఖుబ్బూస్ రొట్టె వేడిగా ఉండాదా?" మిషన్ మీంచి తలెత్తకుండా అడిగాడు టైలర్.

"నిన్నటిదే ఉండాది."

కోడ్ కలిసింది. టైలర్ వేషంలో ఉన్న ఆమె పైఅధికారి గంగాధర షట్టర్ సగం దించాడు.

"గౌస్‌ను చంపేసినారక్కా."

తెల్లారిందగ్గర్నుంచి ఏదో కీడు జరుగుతుందనే అనుకుంటోంది అంకాలమ్మ. "ముగ్గురు పిల్లోళ్లు గదప్పా వానికి" అంది.

"ఏడ్చేకి టైం లేదు. బ్రీఫింగ్ విను. షువైఖ్ రేవులో ఒక యూరప్ ఓడ ఉండాది. దాంట్లో వెంకటరాజు అని కోనసీమ మనిషి దాక్కోనుండాడు. క్రేన్ ఆపరేటర్. ఫాల్కన్ ముఠా ఇచ్చిన పెట్టెలో ఏముందో తెలీక విశాఖ పొయ్యే ఓడకు ఎక్కించినాడు. అది పేలి ఆరుగురు సచ్చినారు. ముఠా నాయకుని మొగం చూసినోడు వాడొక్కడే."

"మనకు అప్పగించమంటే?"

"మనకాడ ఉరి ఉండాది. ఉరి పడే మనిషిని ఆ ఓడ దేశమోళ్లు ఎవరికీ అప్పగించరు. అది వాళ్ల చట్టం. ఉరి తియ్యబోమని ఢిల్లీ రాసిచ్చిన హామీ చూపిస్తేనే వాన్ని మన చేతిలో పెడతారు. మొదటి కాపీ గౌస్‌తోనే పాయ. ఇదే ఆఖరిది. ఓడ పదకొండింటికి కదుల్తాది. తరవాతి రేవులో ఫాల్కన్ మనుషులు కత్తులు నూరుకుంటాండారు."

"గేట్ పాసు?"

"ఓడ ఏజెంటు ఇంట్లో పనిచేసే సత్యలక్ష్మి తెస్తాది. ఆస్పత్రి ముందర కార్లో ఉంటాది. నువ్వెప్పుడూ చూడలేదు, కోడ్ అడుగు."

"ఆమె రాకపోతే?"

"వస్తాది."

"వచ్చింది ఆమె కాకపోతే?"

గంగాధర నుదురు తుడుచుకున్నాడు. "అన్నిటికీ చెడ్డే తోస్తాది నీకు."

"బిడ్డను కడప హాస్టల్లో వదిలొచ్చినదాన్ని. మంచి ఎట్ల తోస్తాదప్పా?"

క్యారియర్ అడుగున డిపార్ట్‌మెంట్ వాళ్లు చేసిచ్చిన రహస్య అర ఉంది. అంకాలమ్మ హామీ కాగితం, క్యారియర్ తీసుకుని వెనక గదిలోకి వెళ్లి ఐదు నిమిషాల తర్వాత బయటికొచ్చింది.

కారులో కూర్చున్న మనిషి ఒళ్లంతా కప్పే నల్ల అబాయాలో కూడా సినిమా పోస్టర్‌లా మెరిసిపోతోంది. ఖరీదైన సెంటు వాసన. కోడ్ పొల్లు పోకుండా చెప్పింది. అయినా అంకాలమ్మ కారు తలుపు పట్టుకునే నిలబడింది.

"నువ్వే సత్యలక్ష్మివని నాకెట్ల తెలియాల?"

"ఇంత అనుమానమేంటండీ బాబూ. ఇదిగోండి."

హ్యాండ్‌బ్యాగులోంచి పాస్‌పోర్టు తీసింది. పేరు సరిపోయింది. ఫోటో సరిపోయింది. అంకాలమ్మ చూపు మాత్రం పాస్‌పోర్టు అట్ట మీద ఆగింది. కువైట్‌లో దిగిన రోజే పనిమనిషి పాస్‌పోర్టు పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్, బీరువాలోకి పోతుంది. ఆరేళ్లలో తన పాస్‌పోర్టు అట్ట ఏ రంగో కూడా ఆమె మరిచిపోయింది. ఈమె బ్యాగులో అది ఎందుకుంది?

"ఫోటో బాగుండాది" అని తిరిగి ఇచ్చేసింది.

పది నలభై. రేవు గేటు ముందు క్యూలో నిలబడ్డారు. అబాయా చాటున చల్లటి గొట్టం ఒకటి అంకాలమ్మ డొక్కకు తగిలింది.

"లిప్‌స్టిక్ అనుకునేరు. పేలుద్దండి. క్యారియర్ ఇలా ఇవ్వండి."

అడుగు అర తిప్పి, సీలు వేసిన కవరు బ్యాగులో వేసుకుంది. పై గిన్నె మూత తీసి ముక్కు చిట్లించింది. "ఏంటిది, సిమెంటా?"

"సంగటి. సత్యలక్ష్మిని ఏం చేసినావు?"

"ఆ ఓడ ఏజెంటు ఇంటి బాత్‌రూంలో కట్టేసి ఉందండి."

"ఢిల్లీ కోడ్ నీకు తెలుసంటే ఢిల్లీ జీతం తినేదానివే. ఫాల్కన్‌కు పని చేస్తాండావా?"

"రెండు జీతాలండీ. ఒక్కదాంతో ఎవరు బతుకుతారు?"

క్యారియర్ తిరిగిచ్చి, కారు వైపు నడిచింది. అంకాలమ్మ గేటు గార్డు వైపు చూసింది. గార్డు నమ్మకపోతే? ఆమె వెనక్కి తిరిగి కాల్చేస్తే? అయినా గార్డు దగ్గరికెళ్లి, వంటింట్లో నేర్చిన అరబ్బీలో మెల్లగా చెప్పింది. "ఆమె పనిమనిషి. పాస్‌పోర్టు ఆమె బ్యాగులోనే ఉంది. కఫీల్ ఎక్కడో అడుగు."

అంతకు మించి అక్కర్లేకపోయింది. పనిమనిషి చేతిలో పాస్‌పోర్టు ఉందంటే, దొంగిలించి పారిపోతున్నట్టే లెక్క. ఇద్దరు గార్డులు ఆమె చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. లిప్‌స్టిక్ కింద పడింది. బ్యాగు బోర్లిస్తే గేట్ పాసు దొరికింది. సీలు కవరులో మాత్రం కడప హాస్టల్లోని అంకాలమ్మ బిడ్డ ప్రోగ్రెస్ రిపోర్టు ఉంది. లెక్కల్లో ముప్పై ఒకటి.

పాసు అందుకుని అంకాలమ్మ పరుగెత్తింది.

పది యాభైతొమ్మిది. ఓడ మెట్లు పైకి లేస్తున్నాయి. ఆమె గిన్నె మూత తీసి సంగటి ముద్దను రెండుగా విరిచింది. లోపల ప్లాస్టిక్ చుట్టిన కాగితం, దాని మీద ఢిల్లీ ముద్ర. పైనుంచి చూసిన కెప్టెన్ చెయ్యెత్తాడు. మెట్లు ఆగి, కిందికి దిగాయి. ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివి, లోపలికి కబురు పంపాడు. ఆయన ఫోన్లోనే గంగాధరకు సత్యలక్ష్మి సంగతి చెప్పింది అంకాలమ్మ.

ఐదు రోజులుగా తిండి సయించని వెంకటరాజు తూలుతూ వచ్చాడు.

"అంటే, నన్ను ఉరి తియ్యరాండీ?"

"తియ్యరు. ఆ ఫాల్కన్ ఎవడో మా వాళ్లకు చెప్పల్ల."

"చెబుతానండీ." చేతిలో పెట్టిన సగం ముద్దను తిప్పి తిప్పి చూశాడు. "మా వైపు ఇలాంటివి గేదెలక్కూడా పెట్టరండీ."

"ఉరి తప్పినోనివి, వంకలు పెట్టకుండా తిను నాయనా" అంది అంకాలమ్మ. "మెల్లగా తిను. గొంతుకు అడ్డం పడ్తాది."