ఏడో గొడుగు కింది మసి

కొక్కెం ఉంది. దీపం లేదు!

మనామాలోని ఆ పాత ఇంటి హాల్లో నిలబడి లూలూ పైకప్పు కేసే చూస్తూ ఉండిపోయింది. తల్లి హబీబమ్మ పోయి నెల తిరగలేదు. లండన్ నుంచి వచ్చిన ఈ కూతురు ఇల్లంతా సర్దుతోంది. బహ్రెయిన్‌లో వీళ్లలాంటి యూదులు గుప్పెడు మందే. పోయినవాళ్లవీ, దేశాలు పట్టి వెళ్లిపోయినవాళ్లవీ ఏవైనా సరే, అరిగిపోయిన తాళం చెవులైనా, పెళ్లినాటి పన్నీరు బుడ్డి అయినా, ఊడిపోయిన దుకాణం బోర్డయినా పోగుచేసి దాచడానికి లూలూ, ఆవిడ చుట్టాలూ కలిసి మనామాలోనే ఒక ఆర్కైవు పెట్టారు. దానికి అన్నిటికన్నా ముందు కావలసింది ఆ దీపమే. బాగ్దాద్ నుంచి అమ్మమ్మ తెచ్చిన ఇత్తడి దీపం... ఏడు గాజు గిన్నెలు, గిన్నె పైన పొగ పట్టడానికి గిన్నెకో ఇత్తడి గొడుగు. యూదుల విశ్రాంతి దినం మొదలయ్యే శుక్రవారం సాయంత్రం, పొద్దు గూకే ముందు వెలిగించేది.

"దుర్గా! మా అమ్మ దీపం ఏది?"

వీరదుర్గ తడి చేతులు పైటకి తుడుచుకుంది. పదిహేడేళ్లుగా ఆ ఇంట్లో వండి వార్చిన మనిషి!

"అడుగుతుంటే చెప్పవేం? పోలీసుల్ని పిలవమంటావా?"

లూలూ విసుగెత్తి సల్మానియా ఆసుపత్రికి ఫోన్ చేసింది. అక్కడ నర్సుగా ఉన్న వీరదుర్గ కూతురు లక్ష్మిప్రసన్న, డ్యూటీ దిగి ఆ బట్టలతోనే పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా! దీపం తీశావా?"

"తీశానే."

"ఛీ! ఎంత సులువుగా చెప్తన్నావే! దొంగ కూతురు నర్సంట, సూదేయించుకోండి అంటారు రేపు నన్ను! అమ్మేశావా ఏంటి? అయినా నీకు సిగ్గెక్కడిది? తమ్ముడు పంటకాలవలో పడి చచ్చిపోతే వచ్చావా? ఐసుగడ్డల మీద పడుకోబెట్టి నీకోసం చూశాం... అమ్మొత్తాది, అమ్మొత్తాది అని వచ్చినోళ్లందరికీ చెప్పాను! గడ్డలన్నీ కరిగిపోయినియ్యి గానీ నువ్వు రాలేదు! నాన్న కళ్లు తుడుచుకుంటా ఎత్తుకెళ్లిపోయాడు..."

ఆ మాటకి వీరదుర్గ తల వాలిపోయింది. మెల్లిగా వంటింటి వెనక తన గదిలోకి వెళ్లి, పాత చీరలో చుట్టిన మూట తెచ్చి బల్ల మీద పెట్టి విప్పింది.

దీపం! కొత్త బంగారంలా ధగధగలాడిపోతోంది!

లూలూ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఏం చేశావు దీన్ని?"

"తోమాను తల్లీ. చింతపండు పెట్టి, ముగ్గేసి రుద్దాను. ఇయ్యాళ శుక్రవారం కదా, ఆఖరిసారి నా గదిలో ఎలిగించుకుని రేపు నీ చేతికే ఇద్దారనుకున్నాను. దేవుడి దీపం మసితో ఇత్తారా ఎవరన్నా? హబీబమ్మ ఉన్నన్నాళ్లూ గొడుగుల జోలికి పోనిచ్చేది కాదు. ఇంత మసేంటని నాకే సిగ్గేసేది."

"అయ్యో దుర్గా! ఆ మసే నాకు కావాలి!" లూలూ కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. "ఇత్తడి ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది! మా అమ్మమ్మ వెలిగించిన పొగ, మా అమ్మ వెలిగించిన పొగ... ఎన్ని శుక్రవారాలు! అంతా కడిగేశావే తల్లీ!"

వీరదుర్గ ఆ మెరుపు కేసి చూసుకుంది. మంచే అనుకుంది పాపం! గోదావరి జిల్లాలో ఏ ఇల్లాలైనా అదే చేసేది. ఎవరి దేవుడైనా దేవుడే, ఎవరి కుందైనా తోమి పెట్టాల్సిందే! తప్పని చెప్పేవాళ్లెవరు ఆవిడకి?

ఏడుస్తూనే లూలూ ఒక్కో గొడుగూ తిప్పి చూసింది. మెరుపు... మెరుపు... అన్నీ మెరుపే. ఏడో గొడుగు దగ్గర చెయ్యి ఆగిపోయింది. లోపల కాటుకలా నల్లగా, దళసరిగా మసి!

"ఇదొక్కటీ ఎందుకు వదిలావు?"

వీరదుర్గ వేలితో ఆ గొడుగు అంచు తడిమింది.

"అది... అది మా అచ్చిబాబుది."

లక్ష్మిప్రసన్న ఉలిక్కిపడింది. తమ్ముడి పేరు తల్లి నోట విని ఎన్నేళ్లయిందో!

"నన్ను వీసా మీద తెచ్చి ఇళ్లలో పనికి పెట్టిన కఫీల్ దగ్గరే పాస్‌పోర్టు ఉండిపోయింది. బాబు కబురు తెలిసి హబీబమ్మే వాడి ఆఫీసుకి పోయి బతిమాలింది. ఇయ్యనన్నాడు. తిరిగొచ్చి నా పక్కన వంటింటి గచ్చు మీదే కూలబడింది. ఆ శుక్రవారం ఆరు గిన్నెలు తనోళ్ల కోసం ఎలిగించి, ఏడోది నా చేతికిచ్చి, 'నీ కొడుకు పేరు చెప్పి ముట్టించు' అంది. అప్పట్నించీ ప్రతి వారం... అడుగున నీళ్లు పోత్తాం, పైన నూనె పోత్తాం, ఆ పైన వత్తి. ఆ నీళ్లలోకి సూత్తే అడుగున బాబే కనపడేవోడు ప్రసన్నా! పైకి రా నాన్నా, ఎలుగు పైనుంది, పైకి రా అనేదాన్ని... అన్నీ తోమాను గానీ, ఆ గొడుగు మీదకి పీచు పోలేదమ్మా."

ఒకరి పాస్‌పోర్టు గుంజుకుని బీరువాలో పెట్టుకునే హక్కు ఆ కఫీల్‌కి ఎవడిచ్చాడు? ఎవడూ ఇవ్వలేదు. అయినా పెట్టుకున్నాడు! ఒక తల్లి కొడుకు మొహం ఆఖరిసారి చూడకుండా చేశాడు! ఆ బీరువా తాళం ఏ ఆర్కైవులో పెట్టాలి?

లక్ష్మిప్రసన్న తల్లి కాళ్ల దగ్గర కూలిపోయింది. "నాకెందుకు చెప్పలేదే అమ్మా! ఇన్నేళ్లు నిన్ను తిట్టుకుంటా బతికాను కదే!"

"ఏమని చెప్పను? దీపం పెడితే వచ్చినట్టా?"

లూలూ కళ్లు తుడుచుకుని లేచింది. ఏడో గిన్నెనీ గొడుగునీ మర తిప్పి ఊడదీసి వీరదుర్గ చేతిలో పెట్టబోయింది. "ఇది నీది. ఆర్కైవుకి మిగతాది చాలు."

వీరదుర్గ రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. "వద్దు తల్లీ! మీ వాళ్లందరి మధ్యనే ఉండనీ. ఒకసారి ఒక్కడే ఎల్లిపోయాడు... మళ్లీ ఒంటరిగా వద్దు."

ఆ సాయంత్రం దీపం మళ్లీ కొక్కేనికి ఎక్కింది. ఆరు వత్తులు లూలూ ముట్టించింది. ఏడోది లక్ష్మిప్రసన్న. తమ్ముడి పేరు గట్టిగా చెప్పి మరీ ముట్టించింది. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. ఆరు మంటలు నిటారుగా నిలబడ్డాయి, ఏడోది మాత్రం వీరదుర్గ వైపుకి వంగింది! వెనక వసారాలో ఎవరో ముసలావిడ చెప్పులు ఈడ్చుకుంటూ నడిచినట్టు చప్పుడు... ఆ నడక ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ తిరిగి చూడలేదు.

ఇప్పుడా దీపం ఆర్కైవులో అద్దాల పెట్టెలో ఉంది. సెలవు దొరికినప్పుడల్లా తల్లీకూతుళ్లు వెళ్లి, వెలగని ఆ దీపం ముందు భుజం భుజం ఆనించుకుని కూచుంటారు. పక్కన చిన్న చీటీ మీద లూలూ రాసింది, ఏడో గొడుగు కింది మసి అచ్చిబాబుది, ఎవరూ తుడవకూడదు అని. వీరదుర్గ ఊళ్లో ఆ పిల్లాడి ఫోటో చెదలు తినేసింది. ఆడుకున్న కాలవగట్టు మీద రోడ్డు పడింది. వాణ్ణి తుడిచెయ్యకూడదని రాసిపెట్టిన చోటు ఇంత లోకంలో అదొక్కటే!