గేటు వేసిన చెయ్యి

ఉదయం ఎనిమిదింటికి స్టేషన్ మాస్టరు ప్రెస్సు నుంచి వచ్చిన పుస్తకాల కట్ట విప్పి, మొదటి ప్రతి తల్లి చేతిలో పెట్టాడు. ఆ ఊరికి రైలు వచ్చి వందేళ్లయిన సందర్భంగా అతను రాసిన ఊరి చరిత్ర అది. సాయంత్రం ప్లాట్‌ఫారం మీద సభ ఉంది.

తల్లికి అక్షరాలు సరిగా ఆనవు. బడిలో టీచరుగా పనిచేసే కోడలు టీ గ్లాసు పక్కన పెట్టి పైకి చదివింది. పొగ ఇంజన్లు నీళ్లు పట్టుకునే చోట నాలుగు రేకుల షెడ్లతో మొదలైన ఊరు అది. బొగ్గు కూలీలు, ఫిట్టర్లు, వాళ్లకి వండిపెట్టేవాళ్లు వచ్చి చేరితే వీధులయ్యాయి. డీజిల్ ఇంజన్లు వచ్చాక సగం ఊరు ఖాళీ అయింది. మిగిలినవాళ్లు ఇప్పటికీ గడియారం చూడరు, బండి కూత వింటారు.

ఇరవయ్యో పేజీలో మామగారి గురించి ఉంది. "ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క బండికైనా గేటు వేయడం మరవని గేట్‌మాన్..."

"ఇంకోసారి చదువమ్మా," అంది అత్తగారు.

కోడలు చదివింది.

"ఇందులో నేనెక్కడున్నాను?"

"చివర్లో ఉన్నావమ్మా," అన్నాడు కొడుకు గుండీలు పెట్టుకుంటూ. "ఆయనకి అండగా నిలిచిన ఇల్లాలు అని రాశాను."

ఆమె లేచి నిలబడింది. "అండగానా? చివరి పదకొండేళ్లు మీ నాన్నకి చూపే లేదు. ఎర్రజెండా ఏదో, పచ్చజెండా ఏదో తెలిసేది కాదు. అప్పుడు గేటు ఎవరు వేశార్రా?"

"నెమ్మదిగా అమ్మా. బయటికి వినపడుతుంది."

"వినపడనీ. ఆయన ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది, నీ హాస్టలు చదువు పోతుందని నోరు మూసుకున్నాను. ఆయన చొక్కా, టోపీ వేసుకుని నిలబడ్డాను. నీ చెల్లి పుట్టిన నాలుగో రోజున కూడా వానలో తడుస్తూ గేటు వేశాను."

"అది రూల్సుకి విరుద్ధం. బయటపడితే నాన్న పరువేం కాను? నేనూ అదే డిపార్టుమెంటులో ఉన్నాను కదా."

"పోయిన మనిషికి పరువుంది. బతికున్నదాన్ని, నాకు లేదా?"

కోడలు పుస్తకం మూసేసింది. "తెలిసే రాశారా మీరు?"

అతను తల దించుకున్నాడు. "సెలవులకి వచ్చినప్పుడు చూసేవాణ్ణి. నాన్న బట్టల్లో అమ్మని ఎవరైనా చూసి నవ్వుతారేమోనని లోపలే కూర్చునేవాణ్ణి."

"నాకు తెలుసు," అంది తల్లి. "కిటికీ కూడా మూసేవాడివి."

అతను పుస్తకాల కట్టకి మళ్లీ తాడు చుట్టేశాడు.

సాయంత్రం సభలో పుస్తకాలు పంచలేదు. పై అధికారులు ముఖాలు చిట్లిస్తున్నా, అసలు గేటు వేసిందెవరో అతను మైకులో చెప్పాడు. ముందు వరసలో ఉన్న ముసలి డ్రైవర్లు ఒక్కొక్కరే లేచి ఆమెకి నమస్కారం పెట్టారు. ఆమె మాత్రం కొడుకు వైపే చూస్తూ కూర్చుంది.

జనం వెళ్లిపోయాక అతను వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "మళ్లీ అచ్చు వేయిస్తాను. నువ్వు చెప్పు, నేను రాస్తాను."

"రాయడం తర్వాత. నన్ను చూసి సిగ్గుపడ్డావు కదా, దానికేమంటావు?"

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుని, బెంచీ మీద కాస్త జరిగి అతనికి చోటిచ్చింది.

"నేను మొదటిసారి గేటు వేసిన పొద్దున మంచుకి పట్టాలు కనపడలేదు," అంది. "అక్కణ్ణించి రాసుకో."