నాలుగో మూల

ఉప్పుటేరు వంతెన మీద ఎర్రదీపం మళ్ళీ వెలిగింది. మౌనికమ్మ చేతిలో చీటీని గేటుకు బిగించిన వాకిటికన్ను యంత్రం ఒకసారి చూసి, రెండోసారి చూసి, పక్కనున్న పలకమీద ఎప్పటి మాటే రాసింది: అనుమానం. ఎందుకో రాయలేదు. ఎందుకో చెప్పే అలవాటు దానికి లేదు.

వెనకే ఉన్న కూతురు హైమావతి చీటీ చూపించగానే పచ్చదీపం వెలిగి గేటు తెరుచుకుంది. రెండు చీటీలూ ఒకే ఇంట్లో, ఒకే కాగితపు చుట్ట మీద, ఆ ఉదయమే అచ్చయినవి.

"బల్ల మీద కూర్చోండమ్మా. మీకు అలవాటైన చోటేగా!" అన్నాడు వంతెన కాపలాదారు నాగభూషణం.

ఆ మాటలో వెటకారం ఉందో లేదో హైమకు తెలియలేదు. బల్లమీద అప్పటికే ముగ్గురున్నారు. అత్తరు అమ్మే కరీముల్లా, నర్సు జెస్సీ, ఈమధ్యే భార్య పోయిన టైలరు సూరిబాబు. రోజూ వీళ్ళే. నిప్పు లేనిదే పొగ రాదు కదా అని హైమ చాలాకాలంగా వాళ్ళకి కాస్త దూరంగా నడిచేది. ఇప్పుడు వాళ్ళ పక్కన తల్లి కూర్చుంటే ఎటు చూడాలో తోచలేదు.

కాకినాడను సముద్రం రెండు ముక్కలు చేశాక ఈ వంతెన కట్టారు. ముఖమైనా గొంతైనా ఎవరిది కావాలంటే వాళ్ళది తయారుచేసుకునే రోజులొచ్చాక, ఫోనులో చూపించేదాన్ని నమ్మే నాథుడు లేకుండా పోయాడు. అంత విజ్ఞానమూ తిరిగి తిరిగి చివరికి కాగితం కాళ్ళమీదే పడింది. ఇంటింటికీ ఒక చీటీపెట్టె ఇచ్చారు. బయటికి వెళ్ళే ప్రతి మనిషికీ రోజూ ఉదయం అది ఒక చీటీ కొట్టి ఇస్తుంది. దాని మీద చదరంగా ఒక చుక్కలపటం. పేరు, పని, పోయే చోటు, ఆ ఒక్కరోజే చెల్లే రహస్యపు గుర్తు, అన్నీ ఆ చుక్కల్లోనే. ప్రభుత్వం దానికి ద్విమాన సంకేతపటం అని నోరు తిరగని పేరు పెడితే, జనం ముగ్గు అన్నారు. మూడు మూలల్లో మూడు నల్లగళ్ళుంటాయి, నాలుగో మూల బోసిగా ఉంటుంది. మనిషి కంటికి అందులో ఒక్క ముక్క అర్థం కాదు. తన గురించి రాసినదాన్ని తానే చదవలేకపోవడం అందరికీ అలవాటైంది. పక్కవాడి ముగ్గులో ఏముందోనన్న అనుమానం మాత్రం ఎవరినీ వదల్లేదు.

ఒక గంట కూర్చోబెట్టి, వేలిముద్రలు తీసుకుని, నాగభూషణం మౌనికమ్మని వదిలాడు.

"ఇంకొక్కసారి ఎర్రదీపం పడిందంటే మీ దాటింపు రద్దవుద్దండి. నా చేతిలో ఏం లేదు," అన్నాడు.

"మరి నా కాజాల కొట్టు?"

"ఇంకొకరికి ఇచ్చేత్తారండి."

అవతలి ఒడ్డున ఆ కొట్టు పెట్టింది ఆమె భర్త తరుణ్. కిందటి వానాకాలంలో గుండె ఆగి పోయాడాయన. అప్పటినుంచి పాకం పట్టడం, కాజా చుట్టడం, బేరం చెయ్యడం అన్నీ ఆవిడే. కొట్టు పోతే ఆవిడకి మిగిలేది గోడ, కిటికీ.

ఆ సాయంత్రం హైమ చీటీపెట్టె ముందు కూర్చుంది. అలాంటి పెట్టెలకి ఆజ్ఞలు రాయడమే ఆమె ఉద్యోగం. ఆ పెట్టెకు సొంత బుర్ర లేదు, చెప్పింది చెప్పిన వరసలో చేస్తుంది. చుక్క ఎంత లావుండాలో ముందు చెప్పాలి. మరక పడితే ఎంతవరకు సరిచేసుకోగలగాలో ఆ తర్వాత చెప్పాలి. దాన్ని మరమ్మతు మట్టం అంటారు. అప్పుడు సమాచారం అందించి, చివర్న అచ్చువెయ్యమనాలి. వరస తప్పితే తెల్లకాగితం బయటికొచ్చి వెక్కిరిస్తుంది.

హైమ చుక్క లావు పెంచింది. మరమ్మతు మట్టాన్ని పైకంటా తీసుకెళ్ళింది. పెట్టెలో అచ్చు వేసే భాగాన్ని దూదితో తుడిచింది. కొత్త చీటీ కొట్టి ఆఫీసునుంచి తెచ్చిన పరీక్షకంటికి చూపిస్తే అక్షరం పొల్లుపోకుండా చదివింది. పాత ఆజ్ఞలతో కొట్టిన చీటీని కూడా అంత చక్కగానూ చదివింది.

అయితే అచ్చులో తప్పులేదు, రాతలో తప్పులేదు. ఇక మిగిలింది మనిషి.

ఆ ఆలోచన వచ్చినందుకు హైమ సిగ్గుపడింది, కానీ అది పోలేదు. ఎదురింటి రమ్యమ్మ కిందటి వారమే చెవిలో ఊదింది. "మీ అమ్మ మీ నాన్నగారి పేరున చీటీ ఇంకా నడుపుతుందేమో చూసుకోవే. పోయినోళ్ళ పేరుమీద సరుకు దాటించే ముఠా ఒకటుందంట." వినేటప్పుడు హైమకి కోపం వచ్చింది. ఇప్పుడు ఆ మాటే పళ్ళసందున ఇరుక్కున్న పీచులా వదలడం లేదు. అమ్మ ఈమధ్య సంచిని పక్కలోనే పెట్టుకుని పడుకుంటోంది. ఎందుకు?

తల్లి స్నానానికి వెళ్ళగానే హైమ ఆ సంచి తీసింది. రుమాలు, తలనొప్పి మందు, కొట్టు తాళంచెవి. అడుగున ఒక ప్లాస్టిక్ కవరు. అందులో ఒక చీటీ.

"ఏం ఎతుకుతున్నావే?"

తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని మౌనికమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

హైమ తప్పించుకోలేదు. "ఇది నాన్నదేనా? దీంతో ఏం చేస్తున్నావమ్మా? నిజం చెప్పు. నాకైనా చెప్పు."

మౌనికమ్మ వచ్చి మంచం మీద కూర్చుంది.

"చూడు మరి. దాంతో ఏం చెయ్యొచ్చో నువ్వే చెప్పు."

హైమ కవరు విప్పి దీపం దగ్గర పట్టుకుంది. వేడికి నల్లబడే కాగితం అది, ఏడాది తిరిగేసరికి వెలిసిపోతుంది. చుక్కలన్నీ పోయాయి. నల్లగళ్ళూ పోయాయి. ఖాళీగా ఉండాల్సిన నాలుగో మూలలో మాత్రం ఒక పసుపుబొట్టు చెక్కుచెదరకుండా ఉంది.

"ఆయన ఆఖరిసారి కొట్టుకెళ్ళినప్పటిది. రోజూ ఆయన చీటీకీ నా చీటీకీ నేనే బొట్టు పెట్టేదాన్ని. కొత్త కాగితానికి మూలల పసుపు పెడతాం కదా. మూడు మూలలూ ఆ గళ్ళే తినేశాయి, మిగిలిందానికి పెట్టేదాన్ని. అందరూ అంతేగా." ఆమె తువ్వాలు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. "ఆయన పోయాక నా చీటీకి మానేశా. ఎవరూ మానమన్లేదు. నాకే చెయ్యి రాలేదు."

హైమ తన వేలు చూసుకుంది. గోరు పక్కన పొద్దున్నటి పసుపు ఇంకా ఉంది. దేవుడి దగ్గర గిన్నెలో వేలు ముంచి, తన చీటీకీ, పొద్దున్నే వెళ్ళి రాత్రెప్పుడో వచ్చే మొగుడి చీటీకీ అద్దడం పళ్ళు తోముకోవడం లాంటి పని. ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

పరీక్షకన్ను చుక్కల్నే చదువుతుంది. వంతెన మీది కన్ను కాగితమంతా చూస్తుంది. దానికి మంచీ చెడూ ఎవరూ విడమరిచి చెప్పలేదు. పట్టుబడిన దొంగచీటీలు కుప్పపోసి, ఇలాంటివి ఆపమన్నారు. మిగతాది అదే నేర్చుకుంది. దొంగచీటీలు కట్టలకొద్దీ కొట్టేవాళ్ళు ఒక్కొక్కదానికీ పసుపు అద్దుతూ కూర్చుంటారా! బొట్టున్న చీటీ ఇంటిది, లేనిది దొంగది. కన్ను పట్టుకున్న గుర్తు అది.

బల్లమీది వాళ్ళు ఒక్కొక్కరే కళ్ళముందుకొచ్చారు. కరీముల్లా. జెస్సీ. భార్య పోయాక చీటీకి బొట్టు పెట్టే చెయ్యి లేని సూరిబాబు. ఆ తర్వాత అమ్మ.

"అమ్మా, నేను అనుకున్నది..."

"పోన్లేవే, అన్నం చల్లారిపోతుంది," అంది మౌనికమ్మ, చీటీని కవర్లో పెట్టుకుంటూ.

మర్నాడు తల్లి చీటీకి హైమే బొట్టు పెట్టింది. మౌనికమ్మ తల తిప్పుకుంది. వంతెన దగ్గర వాకిటికన్ను ఒక్కసారే చూసింది. పచ్చదీపం వెలిగింది.

"రాత్రికి రాత్రే పుణ్యాత్ములైపోయారేంటండీ!" అన్నాడు నాగభూషణం.

మౌనికమ్మ గేటు దాటలేదు. బల్లకేసి చూసి, కూతురి వైపు చెయ్యి చాపింది. "ఆ పసుపు గిన్నె తెచ్చావా? ఇటియ్యి."

సంగతంతా విన్నాక కరీముల్లా గడ్డం నిమురుకున్నాడు. "బొట్టు మా ఇంటా వంటా లేదు కదమ్మా."

"దేవుడికి కాదు బాబూ. ఆ కంటికి. కూరలో పసుపు పడిందనుకోండి."

ఆయన నవ్వాడు గానీ చీటీ వెంటనే ఇవ్వలేదు. దానికేసి కాసేపు చూసి, "ఇన్నాళ్ళూ నా నడకలోనే ఏదో ఉందనుకున్నానమ్మా. మా ఆవిడ కూడా అదే అనుకుంది," అని అప్పుడిచ్చాడు. సూరిబాబు చీటీకి పసుపు అద్దుతుంటే మాత్రం అతను కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఉదయం బల్ల ఖాళీ అయింది.

హైమ పైవాళ్ళకి రాసింది. కన్ను చుక్కలు తప్ప మరేదీ చూడదని జవాబొచ్చింది. ఆమె మళ్ళీ రాసింది, ఇంకా రాస్తూనే ఉంది. కొట్టు మాత్రం నిలబడింది. కాజాలు ఎప్పటిలాగే మధ్యాహ్నానికి అయిపోతున్నాయి.

పచ్చదీపం పడిన ఆ మొదటి రోజు సాయంత్రం మౌనికమ్మ కొట్టు కట్టేసి ఇంటికొచ్చింది. తలుపు తీసే ఉంది. అయినా లోపలికి రాలేదు. గుమ్మం బయట చెప్పులు విడిచి, సంచి నోరు తెరిచి కూతురి ముందు పట్టుకుంది. రుమాలు, మందు, తాళంచెవి, ప్లాస్టిక్ కవరు.

"చూసుకోవే. రావచ్చా?"

"అదేం మాటమ్మా! తప్పైపోయింది, లోపలికి రా."

"చూశావుగా మరి," అని మౌనికమ్మ సంచి మూసి లోపలికొచ్చి కాళ్ళు కడుక్కుంది. గొంతులో కోపం లేదు.

మర్నాడు సాయంత్రమూ గుమ్మం దగ్గర ఆగింది. ఆ మర్నాడూ ఆగింది. హైమ కాళ్ళు పట్టుకుని బతిమాలింది, ఏడ్చింది, ఒకరోజు సంచి లాక్కుని విసిరేసింది కూడా. మౌనికమ్మ వంగి అన్నీ ఏరుకుని, సంచిలో సర్దుకుని, మళ్ళీ నోరు తెరిచి పట్టుకుంది. చూశానని కూతురు అనేదాకా ఆవిడ గడప దాటదు.