చావొద్దనే సిగ్నల్

"లింఫోమా క్యాన్సర్ కణం చావదు పరమేశ్. చావాల్సిన టైమొచ్చినా చావదు," అంది చీఫ్ అరుణాదేవి, వికారాబాద్ సేఫ్‌హౌస్‌లో స్క్రీన్ చూపిస్తూ. "దాని మీదుండే రిసెప్టర్ బతకమని లోపలికి సిగ్నల్ పంపుతూనే ఉంటుంది. దాంతో బీసీఎల్-2 అనే ప్రోటీన్ పెరిగిపోయి, కణాన్ని చంపాల్సిన ప్రోటీన్లను కదలనివ్వదు. మన కొత్త క్యాప్సూల్ వాటిని విడిపిస్తుంది."

"ప్రాబ్లం?"

"విదేశీ ముఠా. ట్రయల్‌లోని అసలు క్యాప్సూళ్లు కాజేసి, రోగులకు సుద్ద నింపినవి ఇప్పిస్తోంది. మార్చేది డాక్టర్ మనోరమ. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది, నిజానికి మన ఏజెంట్. సరుకు కోసం నాయకుడు స్వయంగా వచ్చేదాకా మార్పిడిని ఆపొద్దు."

"మరి రోగులు?"

"ఆర్డర్ విన్నావుగా."

పరమేశ్ అటెండర్ వేషంలో ట్రయల్ జరిగే వార్డులో చేరాడు. చొక్కా గుండీలో కెమెరా. యాలాల్‌లో గొర్రెలు కాసే మొగులమ్మకు రోజూ నీళ్లగ్లాసు అందించేది అతనే.

"గీ గోలీతోని మెడగడ్డలు కరుగుతయా కొడుకా?"

"కరుగుతయమ్మా. ఫికర్ జెయ్యకు."

ఆమె నమ్మి మింగేది. సిగ్గుతో అతని చెవులు కాలిపోయేవి. డ్యూటీ డాక్టర్‌కు ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు.

చివరికి నాయకుడు తాండూరుకు వచ్చాడు, బండల వ్యాపారి వేషంలో. పాలిషింగ్ యూనిట్‌లో మెషిన్ల రొద. నల్లకళ్లద్దాలు, పట్టుచీరతో మనోరమ కారు దిగింది. ముఖానికి గుడ్డ కట్టుకుని పరమేశ్ కూలీల్లో కలిశాడు.

"నీలం బండ దొరుకుతుందా?" అని నాయకుణ్ణి అడిగింది మనోరమ.

"పసుపుదే మిగిలింది."

కోడ్ కలిసింది. నాయకుడు ఆమె తెచ్చిన పెట్టెలోంచి ఒక క్యాప్సూల్ తీసి విప్పి, టెస్ట్ ద్రవం చుక్క వేశాడు. రంగు మారలేదు.

"ఇది సుద్ద!"

పిస్టల్ మనోరమ నుదుటికి తగిలింది. ట్రిగ్గర్ మీద వేలు బిగిసేలోగా పరమేశ్ నిలబెట్టిన బండను తోసేశాడు. అది నాయకుడి కాళ్ల మీద పడింది. పేలిన తూటా పైకప్పు రేకులోంచి దూసుకుపోయింది. కమాండోలు చుట్టుముట్టారు.

"పెట్టెల సుద్ద ఎట్లొచ్చింది?" అడిగాడు పరమేశ్.

"పేషెంట్లకు అసలువే ఇచ్చిన, మొదటి రోజు సంది," అంది మనోరమ.

"చీఫ్ మార్పిడి ఆపొద్దన్నరు కదా!"

"అన్నరు. మొగులమ్మ ముఖం చూసినంక సుద్ద ఇయ్యబుద్ధి కాలే. నీకు గట్ల అనిపియ్యలేదా?"

అనిపించింది. అనిపించినా గ్లాసు అందిస్తూనే వచ్చాడు.

మొగులమ్మ గడ్డలు తగ్గాయి. "నీ చెయ్యి మంచిది కొడుకా," అంటూ ఆమె తన చెయ్యి పట్టుకుంటే, పరమేశ్ మెల్లగా విడిపించుకున్నాడు.

ప్రభుత్వం పరమేశ్‌కు మెడల్ ఇచ్చింది. రహస్య ఆపరేషన్ కాబట్టి దాన్ని ఎవరికీ చూపించకూడదని నిబంధన పెట్టింది. సర్వీసులో మొదటిసారి ఒక నిబంధన అతనికి నచ్చింది.