ఆమె గుండెలో అతని పరుగు

తెల్లవారి అయిదున్నర. సహస్ర దుప్పటి మెడదాకా కప్పుకొని పడుకుని ఉంది. కాలూ చెయ్యీ కదపడం లేదు. అయినా నుదుటి మీద సన్నగా చెమట పట్టింది, బుగ్గలు ఎర్రబడ్డాయి.

"ఘాటురోడ్డు మొదలైంది," అంది కళ్ళు మూసుకునే. "ఇగ మస్తుగ ఎక్కుతడు చూడు."

పక్కన నిలబడ్డ ఆమె భర్త రుత్విక్‌కి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ముప్పై ఏళ్ళ కాపురంలో తను మేడమెట్లెక్కితే ఏనాడైనా ఇట్లా మురిసిందా?

"చాయ్ చల్లారుతున్నది."

"ఆగయ్యా. గీ మలుపు దాటనీ."

ఆమె ఛాతీ మీద అరచేతి వెడల్పున అంటుకుని ఉన్నదాన్ని అందుపట్టీ అంటారు. దాని జత పంపుపట్టీ ఒక పరుగుదాత ఛాతీ మీద ఉంటుంది. అతను పరిగెత్తుతుంటే అతని గుండెకు అందే కసరత్తు అదే క్షణంలో ఈమె గుండెకూ అందుతుంది. గుండెజబ్బుకు కోతలూ కుట్లూ పోయి అప్పటికే పదేళ్ళయింది. ఎండల్లో ఎవరూ అంతంత దూరాలు పరిగెత్తలేరు కాబట్టి ఈ వైద్యం చలికాలంలోనే చేస్తారు. మారథాన్ కోసం వారానికి నూట అరవై కిలోమీటర్లు పరిగెత్తేవాడితో కార్తీకంలో జత కట్టిస్తారు. మాఘానికి గుండెబలం నూటికి డెబ్బై పాళ్ళు దాటితే పట్టీ తీసేస్తారు, ఆపైన గుండె సొంతంగా పనిచేసుకుంటుంది. దాటకపోతే లేదు. ఇంకో చలికాలం దాకా ఓపిక పట్టే గుండె కాదు సహస్రది.

రుత్విక్ తనే పరిగెత్తుతానన్నాడు. డాక్టరమ్మ పరీక్ష చేసి, "మీ లయ ఆమెకు కలవదండీ," అంది. ముప్పై ఏళ్ళు ఒక్క కప్పు కింద బతికినవాడితో అనే మాటేనా అది?

దాత పేరు చెప్పకూడదని చట్టం. కానీ నిర్మల్ ఎంత ఊరు? ఘాటు కింద హోటల్లో అడిగితే టిఫిన్ తింటున్న వాళ్ళంతా ఒక్కసారే చెప్పారు, "డిపోల మెకానిక్ అద్వైత్. ఇంకెవలు ఉరుకుతరు గీ సలిల?"

మర్నాడే రుత్విక్ బూట్లు కొన్నాడు. నడకకని ఇంట్లో చెప్పి ఘాటు మొదట్లో నిలబడ్డాడు. మంచులోంచి వచ్చిన మనిషికి నలభై ఏళ్ళుంటాయి, సగం బట్టతల. రుత్విక్‌కి కొంత ఊరట కలిగింది.

"నేను గూడ రావచ్చా తమ్మీ?"

"రా అన్నా! ఒక్కణ్ణే ఉరికి ఉరికి నా కాళ్ళ సప్పుడుకు నాకే ఇసుగొచ్చింది."

ఘాటు మీద పరిగెత్తేవాళ్ళకు ఒక కట్టుబాటుంది. మంచులో కలిసి బయలుదేరినవాళ్ళు కలిసే తిరిగి రావాలి. దగ్గరికి వచ్చేదాకా లారీ కనపడదు, అడవిలో ఎలుగులున్నాయి. వెనకబడ్డవాణ్ణి వదిలొచ్చినవాడితో ఆ తరవాత ఎవరూ పరిగెత్తరు. అందుకని అద్వైత్ వేగం తగ్గించుకున్నాడు.

"నీ పట్టీ ఎవలికి పోతది తమ్మీ?" అనడిగాడు రుత్విక్, ఏమీ ఎరగనట్టు.

"తెల్వదన్నా. కానీ మలుపు కాడ 'గట్టిగ పట్టుకో తల్లీ' అంట రోజు. ఆడమనిషే అనిపిస్తది."

రుత్విక్‌కి అరికాళ్ళ నుంచి మండుకొచ్చింది. అప్పటినుంచి రోజూ వెళ్ళాడు. ఎత్తు మొదలవగానే బూటు లేసు ఊడదీసుకునేవాడు, డొక్కలో నొప్పనేవాడు. అద్వైత్ పాపం పక్కనే నిలబడి అతని వీపు రాసేవాడు. ఇంటికొస్తే సహస్ర బుగ్గల్లో ఎరుపు ఉండేది కాదు. రుత్విక్ ఆ రోజుల్లో హాయిగా భోంచేశాడు, సిగ్గుపడాల్సిన మాటే.

పద్దెనిమిదో రోజున పరీక్ష. అరవై నాలుగు పాళ్ళున్న గుండెబలం యాభై ఎనిమిదికి దిగింది.

"దాత పరుగు చప్పబడింది. ఇట్లాగే సాగితే మాఘానికి అందుకోలేం," అంది డాక్టరమ్మ.

దారిలో సహస్ర, "పాపం, ఆయనకు పానం బాగలేదో ఏమో," అంది. రుత్విక్ పళ్ళు కొరికాడు. కాసేపటికి ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. "నాకు భయమైతుందయ్యా. సచ్చిపోతనా?"

ఇల్లు చేరేదాకా అతను ఆ చెయ్యి వదల్లేదు.

మర్నాడు పొద్దున మంచు మరీ దట్టంగా ఉంది. మూడో మలుపు దగ్గర రుత్విక్ పిట్టగోడ మీద కూర్చున్నాడు.

"నువ్వు పో తమ్మీ."

"నిన్నిడిసి పోతనా? నలుగురు వింటే ఉమ్మేస్తరు. లే, మెల్లగ పోదాం."

"నీ పట్టీ జత నా పెండ్లానికే కట్టిన్రు." రుత్విక్ తల దించుకున్నాడు. "పద్దెనిమిది రోజులసంది నిన్ను కావాలనే ఆపిన. నా కుళ్ళుబుద్ధితోని. ఆమె పానం మీదికొచ్చింది."

తిడతాడనుకున్నాడు, కొట్టినా పడదామనుకున్నాడు. అద్వైత్ చెయ్యి మాత్రం మెల్లగా ఛాతీ మీదికి పోయింది.

"ఆమె... పేరేంది అన్నా?"

"పేరు నీకెందుకుర? ఉరుకు!"

అద్వైత్ ఉరికాడు. ఎన్నాళ్ళో కట్టేసిన గుర్రాన్ని విప్పినట్టు ఉరికాడు. అడుగుల చప్పుడు మంచులో కలిసిపోయేదాకా రుత్విక్ అక్కడే కూర్చుని, తరవాత రోడ్డు వారగా ఒక్కడే కిందికి నడిచాడు.

ఇంటికొచ్చేసరికి సహస్ర మంచం మీద లేచి కూర్చుని ఉంది. మొహం దానిమ్మ గింజలా ఉంది.

"ఇయ్యాల ఎట్ల ఉరికిండనుకున్నవ్! కానీ నడుమ ఒక్క నిమిషం ఆగిండు. ఆగితే గుండె నిమ్మళం గావాలె గదా? ఇంక జోరుగ కొట్టుకుంది. ఎవలో నన్ను పేరువెట్టి పిల్వబోయినట్టు. ఎందుకంటవ్?"

ఆ పట్టీలు తయారుచేసినవాళ్ళు కసరత్తు లెక్కలే చూసుకున్నారు గాని, మనసు కదిలితే అదీ ఇవతలికి దాటిపోతుందని ఎవరూ అనుకోలేదు. రుత్విక్‌కి తెలుసు ఎందుకో.

"ఒంటేలుకు ఆగిండేమో," అన్నాడు.

సహస్ర పగలబడి నవ్వింది. ఆయాసం రాకుండా ఆమె అంతసేపు నవ్వి ఎన్ని నెలలైందో.

బలం వాడిదే అయితే అవనీ, నవ్వించింది మాత్రం నేనే కదా, అనుకున్నాడు రుత్విక్.